ఇంట్లో ఎవరూ చూడని తల

పేలు చూడటం మన ఇళ్లలో ఎప్పుడూ ఇద్దరి పనే. మధ్యాహ్నం అన్నాలయ్యాక గుమ్మం ముందు మెట్ల మీద ఒకరు పై మెట్టు, ఒకరు కింది మెట్టు. పైనున్న మనిషి పాయ తర్వాత పాయ విడదీస్తుంది, కిందున్న మనిషి మెడ వంచి కబుర్లు చెబుతుంది. దొరికినదాన్ని రెండు బొటనవేళ్ల గోళ్ల మధ్య పెట్టి కుక్కితే టిక్కుమని చిన్న చప్పుడు. బడి నుంచి పాప పేలు తెచ్చుకుంటే అమ్మ చూస్తుంది. నాయనమ్మ తల కోడలో మనవరాలో చూస్తారు. అమ్మ తల మాత్రం ఎవరి వంతుకూ రాదు. అందరి తలలూ దువ్వి, మందు రాసి, దిండు గలేబులు ఉతికిన మనిషి తన తల సంగతి మరిచిపోతుంది. నెల తిరక్కుండా పాప మళ్లీ గోక్కోవడం మొదలుపెడుతుంది. తిట్లన్నీ బడికీ, పక్క బెంచీలో కూర్చునే పిల్లకీ పడతాయి. రాత్రిపూట పాప ఎవరి దిండు మీద తల పెట్టి నిద్రపోతోందన్నది ఎవరికీ తట్టదు.

ఒంటరిగా ఉండేవాళ్ల ఇబ్బంది ఇంకో రకం. హాస్టల్లో, పీజీలో, ఊరు కాని ఊళ్లో ఉన్నవాళ్లు రూమ్మేట్‌ని ‘కాస్త నా తల చూడవా’ అని అడగడానికి మొహమాటపడతారు. అడిగిన మరుక్షణం తన దువ్వెన దాచేస్తుందేమోనని భయం. అమెరికాలో ఉండే తెలుగు ఇళ్లకు బడి నుంచి ‘మీ పిల్లల తరగతిలో పేలు కనబడ్డాయి’ అని చీటీ వచ్చిన రోజు టెన్షన్ అంతా ఇంతా కాదు. అక్కడ 3 నుంచి 11 ఏళ్ల పిల్లల్లో ఏటా 60 లక్షల నుంచి కోటీ 20 లక్షల మందికి పేలు పడతాయని అంచనా. అంటే అదేమీ మనవాళ్లకే అంటుకున్న మరక కాదు. అయినా ఆ చీటీ చదివాక తల్లి చెయ్యి ముందుగా వెళ్లేది తన తలలోకే. అక్కడ ఏం వెతకాలి, ఎలా వెతకాలి అన్నది మాత్రం ఎవరూ నేర్పి ఉండరు.

సొంత తల విషయంలో చాలామంది నమ్మేది దురదని. అది నమ్మదగిన సాక్షి కాదు. పేను పాకడం వల్ల దురద పుడుతుందని అనుకుంటాం కానీ, అసలు కారణం దాని లాలాజలం. రోజుకు నాలుగైదుసార్లు అది మాడుకు కాటేసి రక్తం పీలుస్తుంది. అప్పుడు లోపలికి దిగిన లాలాజలం మన ఒంటికి పడకపోతే దురద మొదలవుతుంది. మొదటిసారి పేలు పడ్డ మనిషికి ఈ అలర్జీ తయారవడానికి 4 నుంచి 6 వారాలు పట్టవచ్చు. నెల రోజులు తలలో సంసారం సాగుతున్నా ఏ జాడా ఉండదన్నమాట. అప్పటికి పిల్లలు, పిల్లల పిల్లలు కూడా పుట్టి ఉంటాయి. రెండోసారి పడితే ఒంటికి గుర్తుంటుంది కాబట్టి ఒకట్రెండు రోజుల్లోనే దురద వస్తుంది. ఇక పేలన్నీ పోయాక కూడా దురద కొన్నాళ్లు సాగవచ్చు. చుండ్రుకీ, చెమటకీ, హెయిర్ డైకీ కూడా తల దురదపెడుతుంది. వీటన్నిటికీ తోడు, పేల మాట వింటేనే దురద పుట్టడం ఒకటుంది. ఇక్కడిదాకా చదివేసరికి ఒక చెయ్యి తలలోకి వెళ్లే ఉంటుంది.

కళ్లు ఇంతకంటే మెరుగేమీ కాదు. ఎదిగిన పేను 2 నుంచి 3 మిల్లీమీటర్లు, అంటే నువ్వు గింజంత. ఎగరలేదు, గెంతలేదు, కానీ పాకడంలో చురుకు. ఆరు కాళ్లకూ కొక్కేల్లాంటి గోళ్లున్న ఈ పురుగు నిమిషానికి 20 సెంటీమీటర్లకు పైగా పోగలదు. వెలుతురు పడి పాయ కదిలిందంటే పక్క పాయలోకి జారుకుంటుంది. ఆడపేను ఎక్కువగా గుడ్లు పెట్టేది చెవుల వెనకా, మెడ పైభాగంలో జుట్టు మొదలయ్యేచోటా. ఎవరి కళ్లకైనా వాళ్ల ఒంటి మీద అందని చోట్లలో ఇవి మొదటి వరుసవి. అద్దం ముందు మరో అద్దం పట్టుకుని చూసుకోబోతే కుడిఎడమలు తారుమారై చెయ్యి ఎటో పోతుంది.

కన్ను ఎంత పనికొస్తుందో, దువ్వెన ఎంత పనికొస్తుందో జర్మనీలో బడిపిల్లల మీద చేసి 2009లో ప్రచురించిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. బతికున్న పేలు ఉన్న పిల్లల్ని కంటితో చూసి పట్టుకోగలిగింది 28.6 శాతం మందినే. తడి జుట్టును పేల దువ్వెనతో దువ్వినప్పుడు 90.5 శాతం మంది దొరికారు. తేడా మూడింతలకు పైనే. ఈపుల (పేను గుడ్లు, వాటి ఖాళీ పెంకుల) విషయంలో మాత్రం లెక్క తిరగబడింది, అక్కడ కంటిదే పైచేయి. ఈపి కదలదు, వెంట్రుకను పట్టుకుని అలాగే ఉంటుంది కాబట్టి చూసేవాళ్లకు చిక్కుతుంది. పేను చిక్కదు. గమనించాల్సిందేమంటే, ఆ పిల్లల తలలు చూసింది వేరేవాళ్లు. వెనక నిలబడి, రెండు చేతులతో పాయలు తీసి చూసినా పది తలల్లో ఏడు తప్పిపోయాయి. అద్దంలో సొంత తల చూసుకుని ‘ఏమీ లేవు’ అని తేల్చేయడానికి ఇక విలువెంత?

దువ్వెనకు ఈ పని కొత్తది కూడా కాదు. ఇజ్రాయెల్‌లోని లాకీష్ అనే ప్రాచీన నగరపు తవ్వకాల్లో 2016లో బొటనవేలంత పొడవు కూడా లేని ఒక ఏనుగు దంతపు దువ్వెన దొరికింది. దాని మీద గీతల్లా ఉన్నవి అక్షరాలని తర్వాత గుర్తించి 2022లో ప్రకటించారు. 17 అక్షరాల ఆ వాక్యానికి అర్థం, తల, గడ్డం వెంట్రుకల్లోని పేలను ఈ దంతం పెకలించుగాక అని. సుమారు 3,700 ఏళ్ల నాటిదని అంచనా. కనాను అనే ప్రాచీన లిపిలో దొరికిన తొలి పూర్తి వాక్యం అదేనట. ఒక లిపిలో మనకు మిగిలిన మొదటి వాక్యం పేల గురించి కావడం చూస్తే అప్పటివాళ్ల బాధ ఎంతటిదో తెలుస్తుంది. దానికి ఒకవైపు చిక్కు తీయడానికి ఎడంగా ఆరు పళ్లు, రెండోవైపు పేల కోసం దగ్గరదగ్గరగా పద్నాలుగు పళ్లు. మన తిరనాళ్లలో అమ్మే రెండు వైపుల చెక్క దువ్వెన అచ్చం ఇదే పోలిక. సూక్ష్మదర్శినితో చూస్తే దాని పళ్ల మధ్య ఎదగని పేను పెంకు ఇంకా ఇరుక్కుని ఉంది. తలలో పేలున్నాయా అన్న ప్రశ్నకు జవాబు తలలో కాక దువ్వెన పళ్లలో వెతకాలనడానికి ఇంతకంటే పాత రుజువు దొరకదు.

సొంత తల చూసుకునే పద్ధతి మొత్తం ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది. కన్ను తల మీద పని చేయదు, దువ్వెన పోగుచేసి తెచ్చినదాని మీద పని చేస్తుంది. వెనక ఏముందో కనబడకపోయినా ఫరవాలేదు, చెయ్యి అందితే చాలు.

ముందు దువ్వెన సంగతి. పళ్ల మధ్య సందు 0.3 మిల్లీమీటర్లు దాటకూడదు. ఫ్యాన్సీ షాపుల్లో పది, ఇరవై రూపాయలకు దొరికే ప్లాస్టిక్ పేల దువ్వెనల్లో చాలావాటి పళ్లు ఒత్తైన జుట్టులోకి వెళ్లగానే విచ్చుకుంటాయి. పిల్లపేలు ఆ సందుల్లోంచి హాయిగా జారిపోతాయి. బిగువైన పళ్ల స్టీలు దువ్వెన నయం. రెండోది కండిషనర్. మామూలు కండిషనరే, కాస్త ధారాళంగా కావాలి. తలంటుకున్నాక తడి జుట్టుకు మాడు నుంచి కొసలదాకా పట్టించి, మొదట వెడల్పు పళ్ల దువ్వెనతో చిక్కు తీసుకోవాలి. జిగురుగా తడిసిన జుట్టులో పేను కాసేపు కదలకుండా వెంట్రుకను పట్టుకుని ఉండిపోతుంది. మనకు కావలసింది ఆ కాసేపే. కొబ్బరినూనె కూడా దువ్వెన జారడానికి పనికొస్తుంది. కానీ కండిషనర్ తెల్లగా ఉంటుంది, అందులో నల్లటి చుక్క పడితే వెంటనే తెలుస్తుంది. నూనెలో ఆ సుఖం లేదు.

తర్వాత సింకు మీదికో బకెట్ మీదికో వంగి జుట్టంతా ముందుకు వేసుకోవాలి. మెడ దగ్గర దువ్వెన పళ్లు మాడుకు ఆనేలా పెట్టి, నుదురు వైపుగా, అక్కణ్ణుంచి కొసలదాకా ఒక్క లాగు లాగాలి. పళ్లు మాడుకు తగిలినట్టు తెలియాలి. పైపైన దువ్వితే వచ్చేది కండిషనరే. లాగిన ప్రతిసారీ దువ్వెనను తెల్లటి టిష్యూ మీద తుడవాలి. ఓపిక తప్పేది ఇక్కడే. నాలుగుసార్లు దువ్వి ఒకసారి తుడిస్తే మొదటిసారి పళ్లకు చిక్కింది నాలుగోసారికి మళ్లీ తలలోకే పోవచ్చు. మెడ అయ్యాక రెండు చెవుల వెనకా, ఆపైన నడినెత్తి, చివరికి నుదుటి దగ్గర. జుట్టు ఒత్తుగా ఉంటే నాలుగు పాయలు చేసి క్లిప్పులు పెట్టుకుని ఒక్కో పాయా దువ్వుకోవాలి. నడుందాకా జడ ఉన్న మనిషికి ఇది అరగంట పైమాటే. తల కడిగేశాక తడి మీదే ఇంకోసారి దువ్వితే మొదటి విడతలో తప్పించుకున్నవి దొరుకుతాయి. పొట్టి జుట్టు మగవాళ్లకు పది నిమిషాల పని.

టిష్యూ మీద ఏం కనబడుతుందో ముందే తెలిసి ఉంటే మంచిది. తెల్లటి నురగ ముద్దలో గోధుమరంగు చుక్క, దాని నడుమ ముదురుగా ఒక మచ్చ. ఆ మచ్చ మన రక్తమే. పుల్లతో కదిలించి చూస్తే కాళ్లు తెలుస్తాయి. కాసేపాగితే, తేరుకుని మెల్లగా కదులుతుంది కూడా. మిరియాల పొడి నలుసుల్లాంటి నల్లటి రేణువులు దాని మలం. ఒక్కోసారి పొద్దున్నే దిండు గలేబు మీద కనబడేవి కూడా ఇవే. నలభై దాటినవాళ్లు ఈ టిష్యూను చదువుకునే కళ్లద్దాలు పెట్టుకునే చూడాలి. చత్వారం వచ్చిన కళ్లకు పిల్లపేను నురగలో ఒక నీడ, అంతే.

ఎక్కువమంది కంగారుపడేది ఈపులు చూసి. కొన్నిచోట్ల వీటినే ఈర్లు అంటారు. ఈపి వెంట్రుకకు ఒక పక్కన ఏటవాలుగా అతుక్కుని ఉంటుంది, పొడవు మిల్లీమీటరు లోపే. వేళ్లతో దులిపితే పోదు, గోళ్ల మధ్య పట్టుకుని కొసదాకా లాగాల్సిందే. పేను దాన్ని అంటించే జిగురు అంత గట్టిది. చుండ్రు పొట్టు ఊదితే ఎగిరిపోతుంది. ఇంకొకటుంది. వెంట్రుక చుట్టూ తెల్లటి గొట్టంలా చుట్టుకుని, వేలితో తోస్తే పూసలా అటూ ఇటూ జారేది. జడ బాగా బిగించి వేసుకునే ఆడపిల్లల్లో కనబడుతుంది. కుదుళ్ల దగ్గర్నుంచి వచ్చిన పొర అది, పేలతో సంబంధం లేదు. దాన్ని ఈపులనుకుని నెలల తరబడి పేలమందు రాసుకునేవాళ్లున్నారు.

అసలు చిక్కేమిటంటే, నల్లటి జుట్టులో తెల్లగా మెరిసి ఇట్టే కనబడే ఈపులు చాలావరకు ఖాళీ పెంకులు. పిల్ల లోపలున్న గుడ్డు లేత కాఫీ రంగులో, మాడు రంగులో కలిసిపోయి ఉంటుంది. సులువుగా కనబడేది చచ్చింది, కనబడనిది బతికున్నది. అది ఎక్కడుందన్నది చూస్తే కొంత తేలుతుంది. గుడ్డు పొదగడానికి మాడు వేడి కావాలి, అందుకే పేను కుదురుకు ఆనుకుని, సాధారణంగా 6 మిల్లీమీటర్ల లోపే పెడుతుంది. గుడ్డు పిల్లయ్యేది వారం, పది రోజుల్లో. జుట్టు పెరిగేది నెలకు సుమారు సెంటీమీటరు. అంటే మాడుకు 3 సెంటీమీటర్ల దూరంలో ఈపి ఉందంటే ఆ గుడ్డు పెట్టి దాదాపు మూడు నెలలైంది. లోపల పిల్ల ఎప్పుడో పోయింది, లేదా పుట్టకుండానే ఎండిపోయింది. సంక్రాంతికి పట్టిన పేల గుర్తులు ఉగాదికి రెండు మూడు సెంటీమీటర్లు కిందికి దిగి ఉంటాయి. మనలాంటి వేడి ప్రాంతాల్లో పేను ఇంకొంచెం దూరంగానూ గుడ్డు పెట్టగలదంటారు కాబట్టి ఈ కొలతను మరీ స్కేలు పెట్టి పట్టుకోకూడదు. అయినా మోటు లెక్కగా పనికొస్తుంది.

ఈపుల కోసమైతే ఫోను మంచి సాయం. జుట్టు ఆరాక ఒక చేత్తో చెవి వెనక పాయ పైకెత్తి పట్టుకుని, రెండో చేత్తో వెనక కెమెరాతో ఫ్లాష్ వెలిగించి ఫోటో కాకుండా వీడియో తీసుకోవాలి. మోచెయ్యి గోడకు ఆనించుకుంటే చెయ్యి వణకదు. మరీ దగ్గరగా పెడితే మసకే వస్తుంది. ఒక జానెడు దూరంలో పెట్టి జూమ్ చేయడం మేలు. తర్వాత కుదురుగా కూర్చుని వీడియో ఆపి ఆపి చూసుకోవచ్చు. ఈపులు దొరకడానికి ఇది చాలు. పేను దొరకలేదని నిశ్చింతగా ఉండటానికి మాత్రం చాలదు.

తల మీద రూపాయి బిళ్లంత నున్నగా జుట్టు ఊడిపోతే తెలుగులో పేనుకొరుకుడు అంటాం. ఆ పేరు వల్ల ఎందరో పేలమందు కోసం పరుగెత్తారు. అక్కడ ఏ పేనూ కొరకలేదు. ఒంట్లోని రక్షణ వ్యవస్థే పొరపాటున జుట్టు కుదుళ్ల మీద దాడి చేయడం వల్ల వచ్చే జబ్బది. దానికి చర్మ డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

పరీక్ష ఫలితం చెప్పే తీరు కూడా ముఖ్యమే. కదిలే పేను ఒక్కటి దొరికినా పేలున్నట్టే. మాడుకు దూరంగా ఉన్న ఈపులే కనబడి, రెండు విడతల తడి దువ్వెనలో ఒక్క పేనూ రాకపోతే మందు అక్కర్లేదు, మూడు నాలుగు రోజులాగి మళ్లీ దువ్వుకోవాలి. ‘ఎందుకైనా మంచిది’ అని మందు రాసేయడమే మన దగ్గర ఎక్కువ. కంటి ముందు పేను లేకుండా రాసిన మందు పనిచేసిందో లేదో తెలిసే దారి ఉండదు, మాడు మండే అవకాశం మాత్రం ఉంటుంది.

పేను దొరికితే మెడికల్ షాపులో దొరికే 1 శాతం పెర్మెథ్రిన్ మందును 10 నిమిషాలు ఉంచి కడిగేయడం ఒక దారి. అది గుడ్లన్నిటినీ చంపదు కాబట్టి తొమ్మిదో రోజు ప్రాంతంలో రెండోసారి రాయాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ముందు డాక్టర్‌ని అడగాలి. ఈ మందుకు లొంగని పేలు ప్రపంచమంతా పెరుగుతున్నాయి, అందుకే రాసిన తర్వాత కూడా దువ్వెనతో సరిచూసుకోవాల్సిందే. మందు లేకుండా దువ్వెనతోనే వదిలించుకోవాలంటే బ్రిటన్‌లో చెప్పే లెక్క ఒకటుంది. 1, 5, 9, 13 రోజుల్లో తడి దువ్వెన, 17వ రోజున చివరి పరీక్ష. ఎందుకీ ఎడం అంటే, పుట్టిన పిల్లపేను ఎదిగి గుడ్లు పెట్టడానికి వారం, పది రోజులు పడుతుంది. నాలుగు రోజులకోసారి దువ్వితే అది తల్లి అయ్యేలోపే దువ్వెనకు చిక్కుతుంది. తొమ్మిదో రోజు బద్ధకిస్తే లెక్క మొదటికొస్తుంది.

కిరసనాయిలు, పొలానికి కొట్టే మందులు తలకు రాయడం ఇప్పటికీ అక్కడక్కడా ఉంది. మొదటిది నిప్పు తగిలితే అంటుకుంటుంది, రెండోది మాడులోంచి ఒంట్లోకి ఇంకుతుంది. సీతాఫలం గింజల పొడి మాత్రం పల్లెల్లో బాగా వాడుకలో ఉన్న చిట్కా. పేలు చస్తాయి కూడా. కానీ ఆ పొడి కంట్లో పడితే నల్లగుడ్డు పైపొర దెబ్బతిని రోజుల తరబడి కన్ను తెరవలేని పరిస్థితి వస్తుంది. ఇలాంటి కేసులను మన దేశంలోని కంటి డాక్టర్లు నమోదు చేశారు. వంగి తన తలకు తానే రాసుకునే మనిషికి ఆ ప్రమాదం మరీ ఎక్కువ, కారేదంతా కళ్లలోకే కాబట్టి.

ఇల్లంతా మందు కొట్టించడం, దుప్పట్లన్నీ మూటగట్టడం దండగ. మాడు నుంచి దూరమైన పేను ఒకట్రెండు రోజుల్లో చస్తుంది. బట్టల్లో కాపురం పెట్టేది చీరపేను, టైఫస్ లాంటి జబ్బులు మోసిందీ అదే. తలపేను జబ్బులు మోయదు. అది ఒక తల నుంచి ఇంకో తలకు పాకేది తలలు తగిలినప్పుడు. అందుకే ఇంట్లో ఒక్కరికి దొరికితే అందరి తలలూ అదే రోజు దువ్వాలి, వారానికొకరు చొప్పున కాదు. ఆ వరుసలో అమ్మ ఆఖర్న కాకుండా మొదట కూర్చుంటే నయం, ఎందుకంటే చివరిదాకా ఆగిన రోజున గ్యాస్ మీద పాలు పొంగుతాయి, తన వంతు రేపటికి పోతుంది.

దువ్వెన అంతా చేసినా మెడ మీద, జడ మొదట్లో, రెండు వేళ్ల మేర ఈపుల జాగా ఒకటి ఎవరి చేతికీ సరిగ్గా చిక్కదు. ఎనిమిదేళ్ల పాపకు ఆ కాస్త చోటూ చూపించి, టార్చి చేతికిచ్చి, గోధుమ రంగువి వెతకమంటే సరి. చత్వారం లేని కళ్లు. ఐదు నిమిషాల్లో విసుగొచ్చి లేచిపోతుంది కాబట్టి పని అంతకు ముందే అయ్యేలా చూసుకోవాలి.